చైనా బౌద్ధ శిల్పాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చైనా బుద్ధ విగ్రహం ఫొటో కనిపిస్తే మనం ముందు ముఖం చూస్తాం, తర్వాత ఎత్తెంతో అడుగుతాం. దాన్ని ఎవరు చేయించారు, ఎవరి కోసం చేయించారు అని అడగడం తక్కువ. చైనాలో చాలా విగ్రహాల పీఠం మీదో పక్క గోడ మీదో ఆ జవాబు చెక్కి ఉంటుంది. ఆ రాతలు తెలిశాక విగ్రహాన్ని చూసే తీరు మారిపోతుంది. నా విషయంలో అదే జరిగింది. అందుకే కింది జవాబుల్లో చేయించినవాళ్ల ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది.

షాపుల్లో కౌంటర్ మీద పెట్టుకునే లాఫింగ్ బుద్ధా, గౌతమ బుద్ధుడు ఒకరేనా?

కాదు. ఆ బొజ్జాయన చైనా సన్యాసి. పేరు బుదాయ్, అంటే గుడ్డ సంచి. ఎక్కడికెళ్లినా భుజాన ఒక సంచి ఉండేదట. క్రీ.శ. 10వ శతాబ్దం మొదట్లో, ఇప్పటి జెజియాంగ్ రాష్ట్రంలోని ఫెంగ్‌హువా ప్రాంతంలో తిరిగేవాడని చెబుతారు. చనిపోయే ముందు చెప్పిన పద్యంలో తాను మైత్రేయుడినేనని సూచించాడని కథ. మైత్రేయుడంటే ముందు ముందు రాబోయే బుద్ధుడు. అందుకే చైనా ఆలయాల్లో మొదటి మండపంలో కూర్చుని వచ్చేవాళ్లకు నవ్వుతూ స్వాగతం చెప్పేది ఈయనే. హాంగ్‌జౌలో లింగ్‌యిన్ ఆలయం ఎదురుగా ఉన్న కొండ మీద సోంగ్ రాజుల కాలంలో (960–1279) చెక్కిన బుదాయ్ ఉన్నాడు. అది చాలా అందమైన శిల్పం. చుట్టూ శిష్యులు, మధ్యలో హాయిగా ఒరిగి నవ్వుతున్న మనిషి.

బౌద్ధం చైనాకు ఎప్పుడు, ఎలా చేరింది?

హాన్ చక్రవర్తి మింగ్‌కు కలలో బంగారు రంగు మనిషి కనిపించాడని, ఆయన దూతలను పడమటికి పంపాడని, వాళ్లతో కాశ్యప మాతంగుడు, ధర్మరత్నుడు అనే భిక్షువులు తెల్లగుర్రం మీద గ్రంథాలు వేసుకుని వచ్చారని సంప్రదాయ కథ. లుయోయాంగ్‌లోని తెల్లగుర్రం ఆలయం క్రీ.శ. 68లో కట్టారని చెప్పేది ఆ కథను బట్టే. వాస్తవంలో అది ఒక్క రోజులో, ఒక్క రాజు వల్ల జరిగిన పని కాదు. గాంధారం నుంచి మధ్య ఆసియా ఎడారి పట్టణాల మీదుగా నడిచే వర్తకుల బిడారులతో పాటు భిక్షువులు, పుస్తకాలు, సంచిలో పట్టే చిన్న విగ్రహాలు నెమ్మదిగా వచ్చాయి. దక్షిణ చైనా రేవులకు సముద్రం మీదుగానూ వచ్చాయి.

మొదట్లో చైనా జనం బుద్ధుణ్ణి ఆయుష్షు ఇచ్చే పరదేశి దేవుడిగానే చూశారు. సిచువాన్‌లోని లెషాన్ దగ్గర మాహావో కొండ సమాధిలో, ద్వారం పైభాగాన చెక్కిన కూర్చున్న బుద్ధుడు హాన్ వంశపు కాలం చివరి (సుమారు క్రీ.శ. 2వ శతాబ్దం) నాటివాడు. ఆయన ఉన్నది గుడిలో కాదు, సమాధిలో.

అమరావతిలో తొలి రోజుల్లో బుద్ధుడి రూపం చెక్కలేదు కదా. చైనాలోనూ అలాగే పాదాలు, చక్రం చెక్కారా?

లేదు. అమరావతి తొలి శిల్పాల్లో బుద్ధుడు ఉండాల్సిన చోట ఖాళీ సింహాసనం, బోధివృక్షం, ధర్మచక్రం, పాదముద్రలు కనిపిస్తాయి. మనిషి రూపం అక్కడ తర్వాత వచ్చింది. చైనాకు బౌద్ధం చేరేసరికే గాంధారంలో, మధురలో బుద్ధుడికి రూపం ఏర్పడిపోయింది. అందువల్ల చైనావాళ్లకు మొదటి నుంచీ బౌద్ధం విగ్రహాల మతంగానే పరిచయమైంది. బౌద్ధాన్ని ‘విగ్రహాల బోధ’ అని పిలిచిన పాత చైనా రాతలున్నాయి.

తేదీ తెలిసిన చైనా బుద్ధ విగ్రహాల్లో అన్నిటికంటే పాతది ఏది?

బంగారు పూత పూసిన ఒక కంచు బుద్ధుడు. క్రీ.శ. 338 నాటిది, దాదాపు 40 సెంటీమీటర్ల ఎత్తు. ఇప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఏషియన్ ఆర్ట్ మ్యూజియంలో ఉంది. బే ఏరియాలో ఉంటున్న తెలుగువాళ్లు ఒక శనివారం వెళ్లి చూడొచ్చు.

చేతులు గమనించండి. ధ్యానముద్రలో అరచేతులు పైకి తిరిగి ఒళ్లో ఉండాలి. ఇక్కడ రెండు అరచేతులూ పొట్టకు ఆనుకుని ఉన్నాయి. చేసిన మనిషి పరదేశపు నమూనా చూసి పోతపోశాడు గానీ ఆ ముద్ర అతనికి ఇంకా అలవాటు కాలేదు. కొత్త మతం ఒక దేశంలోకి అడుగుపెడుతున్న క్షణం ఆ చేతుల్లో కనిపిస్తుంది. అది చేసిన కాలంలో ఉత్తర చైనాను పాలించినవాళ్లు చైనీయులు కాదు, గుర్రాల మీద వచ్చిన జాతులవాళ్లు. పరదేశి రాజులకు పరదేశి దేవుడు దగ్గరవాడిగా అనిపించడం సహజమే.

కొండలనే తొలిచి అంత పెద్ద విగ్రహాలు ఎందుకు చెక్కారు?

భయం ఒక కారణం. కొయ్య గుడిని తగలబెట్టొచ్చు, కంచు విగ్రహాన్ని కరిగించొచ్చు, కొండను ఏమీ చేయలేరు. ఈ ఆలోచన అనుభవం నుంచే వచ్చింది.

ఉత్తర వెయ్ వంశాన్ని స్థాపించింది తోబా జాతివాళ్లు. ఆ వంశపు చక్రవర్తి తాయ్‌వూ 446లో బౌద్ధాన్ని తుడిచిపెట్టమన్నాడు. తిరుగుబాటు అణచడానికి వెళ్లినప్పుడు చాంగాన్ నగరం (నేటి షీఆన్) లోని ఒక మఠంలో ఆయుధాలు దొరకడం వెంటనే కనిపించిన సాకు. వెనక నుంచి నడిపించింది బౌద్ధమంటే పడని మంత్రి త్సుయ్ హావో. విగ్రహాలు పగలగొట్టారు, గ్రంథాలు కాల్చారు, భిక్షువులను చంపారు. 452లో తాయ్‌వూ చనిపోయాక మనవడు వెన్‌చెంగ్ గద్దె ఎక్కి ఆజ్ఞను వెనక్కి తీసుకున్నాడు. సుమారు 460లో తాన్‌యావో అనే భిక్షువు రాజధాని పక్కనున్న యున్‌గాంగ్ ఇసుకరాయి కొండలో ఐదు గుహలు తొలిపించాడు. ఇప్పుడు వాటికి 16 నుంచి 20 వరకు నంబర్లు. అక్కడ నేడు 51,000 దాకా చిన్నాపెద్దా విగ్రహాలున్నాయి. ఊరి పేరు దాతోంగ్, షాన్‌షీ రాష్ట్రం.

ఈ పనికి కావలసిన మనుషులు ఎలా వచ్చారన్నది కూడా చెప్పాలి. నేరస్తులను, ప్రభుత్వ బానిసలను ‘బుద్ధుడి కుటుంబాలు’ అనే పేరుతో మఠాలకు అప్పగించే ఏర్పాటు తాన్‌యావో చేయించాడు. అంత ప్రశాంతంగా కూర్చున్న బుద్ధుడి వెనక వాళ్ల చెమట కూడా ఉంది.

యున్‌గాంగ్ బుద్ధుల ముఖాలు నిజంగా చక్రవర్తులవేనా?

ఐదు గుహలూ ఐదుగురు వెయ్ పాలకులకు గుర్తుగా చేసినవని పండితుల్లో ఎక్కువమంది అంగీకరిస్తారు. ఏ ముఖం ఎవరిదో తేల్చే శాసనం మాత్రం లేదు. ఆలోచన అప్పటికే పాతది. ఫాగువో అనే పెద్ద భిక్షువు, చక్రవర్తే నేటి కాలపు తథాగతుడని, అంటే బుద్ధుడని, తాను మొక్కేది చక్రవర్తికి కాదు బుద్ధుడికని అనేవాడు. దక్షిణ చైనాలోనైతే హుయ్‌యువాన్ అనే భిక్షువు సన్యాసి రాజుకు మొక్కనక్కర్లేదని ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. రాజ్యానికీ మఠానికీ మధ్య ఈ లాగులాట చైనా బౌద్ధం పొడవునా ఉంది.

20వ గుహలో ముందు గోడ కూలిపోవడంతో ఆరుబయట కూర్చున్నట్టు కనిపించే 13.7 మీటర్ల బుద్ధుణ్ణి మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. ఒంటికి అంటుకున్న వస్త్రం, విశాలమైన భుజాలు, పెద్ద కళ్లు. మధ్య ఆసియా పోలిక ఇంకా పోలేదు.

తర్వాతి విగ్రహాల్లో బుద్ధుడి బట్టలు ఎందుకు మారిపోయాయి?

వెయ్ చక్రవర్తి శియావోవెన్ తన జాతివాళ్లను చైనీయుల్లా మార్చాలనుకున్నాడు. కొలువులో చైనా దుస్తులు వేయించాడు, తోబా భాష మాన్పించాడు, 494 నాటికి రాజధానిని దక్షిణాన లుయోయాంగ్‌కు తరలించాడు. ఆ మార్పు విగ్రహాల మీదా కనిపిస్తుంది. భుజం మీదుగా వేసుకున్న మన పక్క ఉత్తరీయం పోయి, చైనా పండితుడు వేసుకునే వదులు అంగీ, నడుముకు కట్టిన పట్టీ వచ్చాయి. అంచులు చేప తోకల్లా కిందికి జారతాయి. శరీరం సన్నబడింది, మెడ పొడవైంది, పెదవుల మీద చిన్న చిరునవ్వు చేరింది.

ఆరో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి గాలి మళ్లీ భారతదేశం వైపు నుంచి వీచింది. 1996లో షాన్‌డాంగ్ రాష్ట్రం చింగ్‌జౌలో ఒక పాత ఆలయ స్థలంలో 400 దాకా విగ్రహాలు బయటపడ్డాయి. వాటిలో ఉత్తర చీ వంశపు కాలం (550–577) నాటివి చూస్తే సారనాథ్ గుప్త శిల్పాలు గుర్తుకొస్తాయి. బట్ట ఉందో లేదో తెలియనంత పల్చన, మడతలు కూడా లేవు. రాతి మీద బంగారం, ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఇంకా మిగిలి ఉన్నాయి. ఇప్పుడు బోడిగా కనిపించే రాతి విగ్రహాలు చాలావరకు ఒకప్పుడు ఇలా రంగులతో మెరిసినవే.

వీటిని రాజులే చేయించారా, మామూలు జనం కూడానా?

లుయోయాంగ్ దగ్గర యీ నది ఒడ్డున ఉన్న లోంగ్‌మెన్‌కు వెళితే జవాబు గోడల మీదే ఉంది. అక్కడ 2,300కు పైగా గుహలు, గూళ్లు, లక్షకు పైగా విగ్రహాలు, సుమారు 2,800 శాసనాలు ఉన్నాయి. రాజులు, సేనాపతులు, భిక్షుణులు, వర్తక సంఘాలు, ఊరివాళ్లంతా చందాలు వేసుకున్న భక్త సమాజాలు, అందరి పేర్లూ ఉన్నాయి. కొన్ని గూళ్లు అరచేతి కంటే పెద్దవి కావు. ఆ మాత్రం డబ్బే ఉన్నవాళ్లు అంతే చెక్కించుకున్నారు.

గూయాంగ్ గుహలో 495 నాటి ఒక శాసనం ఉంది. యూచీ అనే పెద్దింటి ఆవిడ చనిపోయిన తన కొడుకు న్యూజుయే కోసం మైత్రేయుడి విగ్రహం చెక్కించింది. కొడుకు ఈ దేహపు బంధాలు వదిలి అడ్డులేని లోకంలో తిరగాలని, మళ్లీ పుట్టాల్సి వస్తే స్వర్గంలో పుట్టాలని ఆమె కోరిక. ఆ అక్షరాల అందానికి చైనాలో ఎంత పేరంటే, అందమైన రాత నేర్చుకునేవాళ్లు నేటికీ వాటిని చూసి దిద్దుతారు. కొడుకు పోయిన తల్లి పదిహేను వందల ఏళ్ల నాటి మాటలు కలం పట్టినవాళ్ల చేతుల మీదుగా మళ్లీ మళ్లీ రాయబడుతున్నాయి. లోంగ్‌మెన్‌లో నన్ను ఇంతగా కదిలించింది ఇంకొకటి లేదు.

లోంగ్‌మెన్ పెద్ద బుద్ధుడి ముఖం మహారాణి వూ జెతియన్‌దేనంటారు. నిజమా?

జనం అలా చెప్పుకుంటారు. శాసనంలో మాత్రం ఆ మాట లేదు. అందులో ఉన్నది ఇది: 672లో ఆమె తన అలంకరణ ఖర్చుల సొమ్ము నుంచి 20,000 సరాల నాణేలు ఇచ్చింది, 675 చివర్లో పని పూర్తయింది. అప్పటి చైనా నాణేల మధ్యలో చిల్లు ఉండేది, దారానికి గుచ్చి లెక్కపెట్టేవారు. ఆ విగ్రహం వైరోచనుడు, అంటే విశ్వమంతటా వెలిగే బుద్ధుడు. ఎత్తు 17.14 మీటర్లు. హుస్సేన్‌సాగర్ బుద్ధుడు దాదాపు 18 మీటర్లు కాబట్టి మనకు ఊహించుకోవడం తేలిక. టాంగ్ వంశపు కాలం (618–907) నాటి నిండు ముఖం, సగం వాల్చిన కళ్లు. ఎత్తు చూసి ఆశ్చర్యపోయినవాళ్లు కూడా చివరికి ఆ చూపు దగ్గరే ఆగిపోతారు.

ఆమె తర్వాత 690లో తానే చక్రవర్తిగా ప్రకటించుకుంది. స్త్రీ రాజ్యమేలుతుందని చెప్పే బౌద్ధ గ్రంథాన్ని అందుకు ఆధారంగా చూపించుకుంది. బహుశా ముఖపోలిక కథ అక్కడి నుంచే పుట్టింది.

తల్లిదండ్రులను దేవుళ్లుగా చూసే చైనాలో, ఇల్లు విడిచి సన్యసించమనే మతం ఎలా నిలిచింది?

పెద్ద గొడవే జరిగింది. ఒళ్లు, వెంట్రుకలు తల్లిదండ్రులు ఇచ్చినవి, వాటిని పాడు చేయకూడదని కన్ఫ్యూషియస్ సంప్రదాయం. భిక్షువేమో గుండు చేయించుకుంటాడు, పిల్లల్ని కనడు, పితృదేవతలకు నైవేద్యం పెట్టే వంశం ఆగిపోతుంది. దానికి బౌద్ధులు ఇచ్చిన జవాబుల్లో విగ్రహం ఒకటి. విగ్రహం చేయిస్తే వచ్చే పుణ్యాన్ని తల్లిదండ్రులకు, ఏడు తరాల పెద్దలకు ధారపోయవచ్చు. శాసనాల్లో ‘ఏడు తరాల తల్లిదండ్రుల కోసం’ అన్న మాట లెక్కలేనన్ని సార్లు వస్తుంది.

ఈ ఆలోచన పండిన చోటు చోంగ్‌చింగ్ దగ్గరి దాజు. అక్కడి బావోదింగ్ కొండను 12, 13 శతాబ్దాల్లో జావో జీఫెంగ్ అనే భిక్షువు జీవితమంతా వెచ్చించి చెక్కించాడు. ఒక వంపు గోడ మీద తల్లి రుణం వరుసగా చూపించారు. బిడ్డ కోసం మొక్కుకోవడం, గర్భం, కాన్పు నొప్పులు, పాలివ్వడం, బట్టలుతకడం. ఒక దృశ్యంలో రాత్రి పక్క తడిపిన పసివాణ్ణి పొడిగా ఉన్న వైపు పడుకోబెట్టి తల్లి తడిలో పడుకుంటుంది. ఏ భాషవాళ్లకైనా చెప్పకుండానే అర్థమవుతుంది. ఈ చెక్కడాలకు ఆధారమైన తల్లిదండ్రుల రుణం సూత్రం భారతదేశం నుంచి రాలేదు, చైనాలోనే పుట్టింది.

బుద్ధుడు, బోధిసత్వుడు, అర్హతుడు: చూడగానే ఎలా పోల్చుకోవాలి?

సన్యాసి బట్ట, నగలు లేకపోవడం, తల మీద ఉబ్బెత్తు ఉంటే బుద్ధుడు. కిరీటం, హారాలు, జారే ఉత్తరీయాలు ఉంటే బోధిసత్వుడు, అంటే అందరినీ గట్టెక్కించడానికి బుద్ధత్వం వైపు సాగుతున్నవాడు. గుండు, ముడతలు, బతికున్న ముసలి మనిషి ముఖం ఉంటే అర్హతుడు, అంటే ముక్తి పొందిన శిష్యుడు, చైనాలో లోహాన్ అంటారు. కవచం తొడుక్కుని భూతాలను తొక్కుతున్నవాళ్లు నలుగురు దిక్పాలకులు. పక్కపక్కన ఇద్దరు బుద్ధులు కూర్చుని కబుర్లాడుకుంటున్నట్టుంటే వాళ్లు శాక్యముని (గౌతమ బుద్ధుడు), ప్రభూతరత్నుడనే పూర్వ బుద్ధుడు. అది సద్ధర్మపుండరీక సూత్రంలోని ఘట్టం.

అవలోకితేశ్వరుడు చైనాలో స్త్రీ ఎలా అయ్యాడు?

అవలోకితేశ్వరుడు కరుణకు ప్రతిరూపమైన బోధిసత్వుడు. చైనాలో పేరు గ్వాన్‌యిన్, అంటే లోకపు మొరలు గమనించేవాడు. టాంగ్ కాలం బొమ్మల్లో చిన్న మీసం కూడా ఉంటుంది. పదో శతాబ్దం తర్వాత నెమ్మదిగా స్త్రీ రూపం బలపడింది. మొరపెట్టుకున్నవారిని కాపాడటానికి ఏ రూపమైనా తీసుకుంటాడని, స్త్రీగానూ వస్తాడని గ్రంథంలోనే ఉంది. దానికి మియావోషాన్ కథ తోడైంది. పెళ్లి వద్దని తండ్రి ఆగ్రహానికి గురైన రాజకుమారి, అదే తండ్రికి జబ్బు చేస్తే తన కళ్లు, చేతులు కోసిచ్చి బతికించింది. తర్వాత వేయి చేతుల దేవతగా దర్శనమిచ్చింది. 1100 నాటికే ఈ కథ హెనాన్‌లోని ఒక ఆలయంలో రాతిపలక మీద చెక్కి ఉంది. పిల్లల కోసం, సముద్రం మీద భద్రత కోసం మొక్కుకునే తల్లి ఆమె. దాజులోని వేయి చేతుల గ్వాన్‌యిన్‌ను 2008 నుంచి 2015 వరకు బాగు చేసినప్పుడు లెక్కపెడితే 830 చేతులు తేలాయి.

విగ్రహాలు దేనితో చేశారు?

రాయి దొరికిన చోట రాయి. వాయవ్య చైనా ఎడారి అంచున ఉన్న దున్‌హువాంగ్‌లో కొండ గులకరాళ్ల ముద్ద, చెక్కితే రాలిపోతుంది. అందుకని కొయ్య చట్రానికి రెల్లు, గడ్డి కట్టి, బంకమట్టి మెత్తి రంగులు వేశారు. అక్కడ గుహలు తొలవడం 366లో మొదలైంది. 2,000కు పైగా మట్టి విగ్రహాలు మిగిలాయంటే ఎడారి పొడి గాలే కారణం. లెషాన్‌లో 71 మీటర్ల మైత్రేయుణ్ణి 713 నుంచి 803 వరకు తొంభై ఏళ్లు చెక్కారు. నదులు కలిసే ఆ చోట పడవలు మునిగిపోతుంటే హైతోంగ్ అనే భిక్షువు మొదలుపెట్టిన పని అది. జుట్టు ముడుల్లో, చెవుల వెనక వాననీరు పోయే కాలువలు దాచారు. తేలికైన విగ్రహం కావాలంటే మట్టి అచ్చు మీద చెట్టు జిగురులో ముంచిన జనపనార గుడ్డ పొరలు అంటించి, ఆరాక లోపలి మట్టి తీసేసేవారు. ఊరేగింపులకు అది ఎంతో అనువు.

మన ప్రాణప్రతిష్ఠ లాంటిది అక్కడా ఉందా?

ఉంది. చివరగా కనుపాపలు దిద్ది ‘కళ్లు తెరిపించే’ కర్మ చేస్తారు. అంతవరకు అది బొమ్మే. కొయ్య విగ్రహాల వీపులో తొర్ర చేసి గ్రంథాలు, నాణేలు, ధాన్యం పెట్టి మూసేవారు. 985లో చైనాలోని తాయ్‌జౌలో చెక్కించి జపాన్‌కు తీసుకెళ్లిన ఒక శాక్యముని విగ్రహం క్యోటోలోని సెయిర్యోజీలో ఉంది. 1954లో దాన్ని తెరిస్తే లోపల పట్టుగుడ్డతో కుట్టిన గుండె, ఊపిరితిత్తులు, పేగులు కనిపించాయి.

చాలా విగ్రహాలకు తలలు ఎందుకు లేవు?

రెండు రకాల దెబ్బలు తగిలాయి. పాతవి రాజాజ్ఞలు: 446, 574, 845, 955. వీటిలో 845 నాటిది చాలా తీవ్రం. టాంగ్ చక్రవర్తి వూజోంగ్ 4,600 మఠాలు మూయించి, 2,60,500 మంది భిక్షువులు, భిక్షుణులను గృహస్థులుగా మార్చాడు. మఠాల భూములకు పన్ను లేకపోవడం, నాణేలకు లోహం చాలకపోవడం దీని వెనక ఉన్నాయి. కంచు విగ్రహాలు నాణేలయ్యాయి, ఇనుపవి నాగళ్లయ్యాయి. దున్‌హువాంగ్ అప్పటికి చాలాకాలం టిబెట్ ఏలుబడిలో ఉండి, చాంగాన్ ఆజ్ఞలకు దూరమైపోవడంతో బతికింది.

రెండోది 20వ శతాబ్దపు పురావస్తు వ్యాపారం. తల ఒక్కటైతే మోసుకెళ్లడం సులువు, అమ్మడం సులువు. తియన్‌లోంగ్ కొండ గుహలను 1920ల్లో అలాగే కోసేశారు. లోంగ్‌మెన్‌లోని బిన్‌యాంగ్ గుహ గోడల మీద చక్రవర్తి, మహారాణి పరివారంతో మొక్కడానికి వెళ్తున్న రెండు గొప్ప చెక్కడాలుండేవి. 1930ల్లో ముక్కలుగా కొట్టి తరలించారు. చక్రవర్తి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, మహారాణి కాన్సస్ సిటీలోని నెల్సన్-ఆట్కిన్స్‌లో ఉన్నారు. కలిసి గుడికి బయలుదేరిన ఆ ఇద్దరి మధ్య ఇప్పుడు దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరం. తియన్‌లోంగ్ నుంచి పోయిన ఒక బుద్ధుడి తల 2020 చివర్లో జపాన్ నుంచి చైనాకు తిరిగొచ్చింది.

టాంగ్ కాలపు గుడి, విగ్రహాలు కలిసి ఎక్కడైనా మిగిలాయా?

వూతాయ్ కొండల్లోని ఫోగువాంగ్ ఆలయంలో. 845లో ధ్వంసమై 857లో మళ్లీ కట్టినది. 1937లో వాస్తు చరిత్ర పరిశోధకులైన లియాంగ్ సిచెంగ్, లిన్ హుయ్‌యిన్ దంపతులు అక్కడికి చేరినప్పుడు, దూలం మీద మసకబారిన అక్షరాల్లో దాతగా నింగ్ గోంగ్‌యూ అనే స్త్రీ పేరును లిన్ హుయ్‌యిన్ చదివింది. ఆవిడ విగ్రహం అదే మండపంలో ఒక మూల వినయంగా కూర్చుని ఉంది.

మన దేశంలో చూడాలంటే?

ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో మధ్య ఆసియా గ్యాలరీకి వెళ్లండి. ఆరెల్ స్టెయిన్ అనే పురావస్తు పరిశోధకుడు దున్‌హువాంగ్ నుంచి, సిల్క్ రోడ్ ఊళ్ల నుంచి తెచ్చిన పట్టు చిత్రాలు, గోడచిత్రాలు, మట్టి బొమ్మల్లో ఒక భాగం అక్కడుంది.

ఆంధ్ర ప్రాంతానికీ చైనా బౌద్ధానికీ నిజంగా సంబంధం ఉందా?

ఉంది. నాగార్జునాచార్యుడి మధ్యమక శాస్త్రాన్ని 409లో కుమారజీవుడనే భిక్షువు చాంగాన్‌లో చైనా భాషలోకి తెచ్చాడు. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ 639 ప్రాంతంలో ధాన్యకటకానికి, అంటే అమరావతి ప్రాంతానికి వచ్చి, కొన్ని నెలలు ఉండి మహాసాంఘికులనే బౌద్ధ శాఖవారి అభిధర్మం, అంటే తత్వగ్రంథాలు చదువుకున్నాడు. 645లో చాంగాన్ చేరినప్పుడు ఆయన వెంట 657 గ్రంథాలు, బంగారం, వెండి, గంధపు చెక్కతో చేసిన ఏడు విగ్రహాలు ఉన్నాయి.

అంతకు ముందే, మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఆ ఆచార్యులు ధర్మాన్ని చేర్చిన దేశాలంటూ కాశ్మీరం, గాంధారంతో పాటు చీనా పేరు కూడా అందులో చెక్కారు. పుణ్యం ఎవరికి చెందాలో కూడా బోధిసిరి రాయించింది: తల్లి, తండ్రి, భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఒక్కొక్కరినీ గుర్తుపెట్టుకుని.